జయపురం శాఖలో ‘ఇన్‌యాక్టివ్’ క్లయింట్లు: నా అనుభవం

కొరాపుట్ జిల్లా జయపురంలోని మా శాఖ కంప్యూటర్లు కొన్ని కాన్ఫిగరేషన్ మేనేజర్ (కంప్యూటర్లన్నింటినీ ఒకచోటి నుంచి నిర్వహించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) కన్సోల్‌లో ‘ఇన్‌యాక్టివ్’ అనీ, క్లయింట్ చెక్ (ప్రతి కంప్యూటర్లో ఉండే దాని క్లయింట్ ప్రోగ్రాం ఆరోగ్య పరీక్ష) ‘ఫెయిల్డ్’ అనీ కనిపించసాగాయి. ఈ రెండింటినీ విడదీసి చూడాలి. పాలసీ అభ్యర్థన గానీ, హార్ట్‌బీట్ (‘నేనున్నాను’ అని పంపే సంకేతం) గానీ, ఇన్వెంటరీ (యంత్రంలోని భాగాలు, ప్రోగ్రాముల జాబితా) గానీ ఏ ఒక్కటీ నిర్ణీత గడువులో (మనం మార్చకపోతే 7 రోజులు) సర్వరుకు చేరకపోతే క్లయింట్ ఇన్‌యాక్టివ్ అవుతుంది. సెలవులో ఉన్నవారి ల్యాప్‌టాప్ కూడా అలాగే కనిపిస్తుంది. చెక్ ఫెయిలవడం మాత్రం యంత్రం లోపలి లోపానికే సూచన.

అక్కడి గుమాస్తాగారు ఫోనులో, “కరెంటు పోయినప్పుడల్లా సిస్టం టక్కున ఆగిపోతోందండీ, యూపీఎస్ నిలబడడం లేదు” అన్నారు. ఇలా హఠాత్తుగా ఆగితే విండోస్ తన సమాచారాన్ని దాచుకునే రిపాజిటరీ చెడవచ్చు కనుక, నా అనుమానం వెంటనే డబ్ల్యూఎంఐ (యంత్రం వివరాలను ప్రోగ్రాములకు అందించే విండోస్ భాగం) మీదకు వెళ్లింది. విండోస్ ఫోల్డరులోని సీసీఎం లాగ్స్‌లో ‘సీసీఎం ఇవాల్’ లాగ్ తెరిస్తే, సరిగ్గా డబ్ల్యూఎంఐ పరీక్ష దగ్గరే వైఫల్యం నమోదై ఉంది. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘విన్‌ఎంజీఎంటీ’ని వెరిఫై రిపాజిటరీ స్విచ్‌తో నడిపితే ‘ఇన్‌కన్సిస్టెంట్’ (పొంతన లేదు) అని వచ్చింది. రిపాజిటరీ ఫోల్డరునే తొలగించమని చాలామంది సలహా ఇస్తారు. ఇతర ప్రోగ్రాముల నమోదులు కూడా దానితో పోతాయి కనుక నేను దాన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. ఉన్నదాన్ని కాపాడుతూ బాగుచేసే శాల్వేజ్ రిపాజిటరీ స్విచ్‌తోనే పని జరిగింది.

తర్వాత క్లయింటును రిపేర్ చేసి, కంట్రోల్ ప్యానెల్‌లో కాన్ఫిగరేషన్ మేనేజర్ తెరిచి యాక్షన్స్ నుంచి మెషీన్ పాలసీ, డిస్కవరీ డేటా సైకిళ్లు నడిపాను. కన్సోల్ స్థితి మామూలుగా రోజుకొకసారే లెక్కకడుతుంది కాబట్టి, రిఫ్రెష్ క్లయింట్ స్టేటస్ నొక్కాకే అవి ‘యాక్టివ్’గా మారాయి. యూపీఎస్ బ్యాటరీలు కూడా మార్పించాము.