బోటులో మంచి సౌండ్ కావాలంటే బ్యాటరీ దగ్గర మొదలుపెట్టండి

బోటుతో పాటు వచ్చిన స్టీరియో ఒడ్డున కట్టేసి ఉన్నంతసేపు బాగానే పాడుతుంది. ఇంజిన్ ఆన్ చేసి వేగం అందుకోగానే గాలి హోరు, ఇంజిన్ మోత కలిసి బాస్‌ని మింగేస్తాయి, మిగిలిన పాట కీచుగా వినపడుతుంది. అప్పుడు చాలామందికి వచ్చే ఆలోచన, పెద్ద సబ్‌వూఫర్ (బాస్ కోసమే ఉండే స్పీకర్) ఒకటి తెచ్చి పెట్టేద్దామని. నేను మాత్రం సబ్‌ని ఆఖరుకి ఉంచుకోమంటాను. ముందు బ్యాటరీ, వైర్లు, తర్వాత యాంప్ (స్పీకర్లకి పవర్ ఇచ్చే యాంప్లిఫయర్), స్పీకర్లు. ఇవి సరిగ్గా ఉంటేనే సబ్ మీద పెట్టిన డబ్బు చెవికి తెలుస్తుంది.

కారులో అద్దాలు ఎత్తేస్తే ఆ చిన్న జాగాయే బాస్‌ని పెంచుతుంది. ఓపెన్ బోటులో చుట్టూ ఖాళీ, శబ్దం అలా వెళ్లిపోతుంది, అందుకే కారుకి సరిపోయే వాట్లు ఇక్కడ చాలవు. పైగా సౌండ్ 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. సెన్సిటివిటీ (ఒక్క వాటుకి ఎంత సౌండ్ ఇస్తుందో చెప్పే అంకె) 92 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ 50 వాట్లతో ఇచ్చే సౌండ్, 89 ఉన్న స్పీకర్‌కి 100 వాట్లు పోస్తే గానీ రాదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే పీక్ వాట్లని (క్షణకాలం మాత్రమే ఉండేవి) వదిలేయండి, ఆర్‌ఎంఎస్ వాట్లు (ఆగకుండా ఉండేవి), సెన్సిటివిటీ చూడండి చాలు.

ఇక కరెంటు లెక్క. 75 వాట్ల స్పీకర్లు నాలుగు, 300 వాట్ల సబ్ ఒకటి అనుకుందాం, మొత్తం 600 వాట్లు. యాంప్ క్లాస్ డి తీసుకోండి, తక్కువ వేడెక్కుతుంది, బ్యాటరీని తక్కువ తాగుతుంది. దాని ఎఫిషియెన్సీ 80 శాతం అనుకుంటే, 12.5 వోల్టుల దగ్గర పూర్తి పవర్‌లో 60 ఆంపియర్లు లాగుతుంది. పాట ఎప్పుడూ పూర్తి పవర్‌లో ఉండదు కాబట్టి సగటున మూడో వంతు, అంటే 20 ఆంపియర్లు వేసుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది, కాబట్టి 100 ఆంపియర్ అవర్ బ్యాటరీతో ఇంజిన్ ఆపి రెండున్నర గంటలు గట్టిగా వినొచ్చు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా వాడుకోవచ్చు, బరువు కూడా తక్కువే, కానీ దానికి తగిన చార్జర్ కూడా పెట్టాలి.

ఏ బ్యాటరీ అయినా సరే, ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ మీద మాత్రం స్టీరియో పెట్టొద్దు. నీళ్ల మధ్యలో బ్యాటరీ దిగిపోతే తోసి స్టార్ట్ చేయడానికి ఇది బండి కాదు. స్టీరియోకి విడిగా ఒక డీప్ సైకిల్ బ్యాటరీ (ఎక్కువసేపు నెమ్మదిగా వాడుకోవడానికి చేసినది) పెట్టి, రెండిటి మధ్య వోల్టేజ్ సెన్సింగ్ రిలే వేయండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు రెండిటినీ కలిపి చార్జ్ చేస్తుంది, ఇంజిన్ ఆగి వోల్టేజ్ తగ్గగానే విడదీస్తుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. వైరు విషయంలో పిసినారితనం వద్దు. తగరం పూత ఉన్న మెరైన్ కాపర్ వైరే కావాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన చవక వైరు తేమకి లోపల్లోపలే పాడైపోతుంది. బ్యాటరీ నుంచి యాంప్‌కి 3 మీటర్లు ఉంటే పోనూ రానూ 6 మీటర్లుగా లెక్కేయాలి, 60 ఆంపియర్లకి అప్పుడు 4 గేజ్, అంటే సుమారు 21 చదరపు మిల్లీమీటర్ల వైరు సరిపోతుంది. వోల్టేజ్ డ్రాప్ 3 శాతం లోపే ఉంటుంది. దీనికి 80 ఆంపియర్ల ఫ్యూజు వేసి, బ్యాటరీకి 7 అంగుళాల లోపు పెట్టండి. ఈ 7 అంగుళాలన్నది అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం. ఫ్యూజు ఉన్నది యాంప్‌ని కాపాడటానికి కాదు, వైరు అంటుకోకుండా ఉండటానికి, కాబట్టి దాన్ని యాంప్ దగ్గర పెడితే మధ్యలో ఉన్న వైరుకి రక్షణే లేదు.

కారులో లాగా బాడీకి ఎర్త్ ఇవ్వడం ఇక్కడ కుదరదు. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు, అల్యూమినియం బోటులో హల్‌ని (బోటు బాడీని) ఎర్త్‌గా వాడితే ఆ కరెంటు లోహాన్నే తినేస్తుంది. నెగటివ్ కూడా అదే మందం వైరుతో బ్యాటరీ దాకా లాగాల్సిందే. జాయింట్లకి సరైన క్రింపింగ్ టూల్ (టెర్మినల్‌ని వైరు మీద నొక్కి బిగించేది), లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ టెర్మినల్స్ వాడండి. ఒట్టి సోల్డరింగ్ బోటు కుదుపులకి విరిగిపోతుంది. ఆర్‌సీఏ కేబుళ్లని (స్టీరియో నుంచి యాంప్‌కి పాట సిగ్నల్ తెచ్చేవి) పవర్ వైర్లకి దూరంగా తీసుకెళ్లండి, లేకపోతే ఇంజిన్ వేగంతో పాటు పెరిగే కూత స్పీకర్లలో వస్తుంది.

యాంప్, బోటు అడుగున నీళ్లు చేరే బిల్జ్‌లో కాకుండా ఎత్తుగా, గాలి ఆడేచోట ఉండాలి. పెట్రోల్ ట్యాంకు ఉన్నచోట, పెట్రోల్ ఇంజిన్ గదిలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అక్కడ చేరే ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు, దీన్ని చాలా సీరియస్‌గా తీసుకోండి.

స్పీకర్లు మెరైన్‌వి కావాలి, కనీసం ఐపీ 65 (దుమ్ము, నీటి జల్లు లోపలికి రావని చెప్పే రేటింగ్), ఎండకి పెళుసెక్కని కోన్, ఉప్పునీళ్లకి 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్క్రూలు. ప్రతి స్పీకర్ వెనకా పెద్ద అయస్కాంతం ఉంటుంది, దిక్సూచి దగ్గర పెడితే అది తప్పు దారి చూపిస్తుంది. అందుకే కోయడానికి ముందే స్పీకర్‌ని ఆ చోట చేత్తో పట్టుకుని ముల్లు కదులుతుందేమో చూడండి. ఫైబర్‌గ్లాస్ మీద మాస్కింగ్ టేప్ అంటించి, హోల్ సాని (గుండ్రటి రంధ్రం కోసే రంపం) ముందు రివర్స్‌లో తిప్పితే పైపూత పెచ్చులు లేవదు. వెనక ఏ వైరు, ఏ పైపు ఉందో చూడకుండా డ్రిల్ పట్టుకోవద్దు. లోపల బాల్సా చెక్క కనిపిస్తే అంచులకి ఎపాక్సీ పూయండి, నీరు దిగితే కుళ్లిపోతుంది.

సబ్‌కి రెండు దారులున్నాయి. ఫ్రీ ఎయిర్ రకం (విడిగా బాక్సు అక్కర్లేనిది) అయితే కన్సోల్‌కి (స్టీరింగ్ ఉండే దిమ్మకి) గానీ సీటు కింది పలకకి గానీ నేరుగా బిగించొచ్చు, జాగా కలిసొస్తుంది, కానీ సబ్ ముందు గాలి, వెనక గాలి కలవకూడదు. ఆ కన్సోల్‌కి పెద్ద ఖాళీలుంటే బాస్ అక్కడే రద్దయిపోతుంది. పలక సన్నగా ఉంటే గడగడలాడుతుంది, వెనక మందపాటి మెరైన్ ప్లైవుడ్ వేయండి. జాగా ఉంటే మాత్రం నేను సీల్డ్ బాక్సుకే ఓటేస్తాను, 10 అంగుళాలది అందులో బిగువుగా, స్పష్టంగా కొడుతుంది.

ట్యూనింగ్ తొందరగా ముగించే పని కాదు. స్పీకర్లకి హై పాస్ (ఆ అంకెకి పైనున్న శబ్దాలనే పంపే ఫిల్టర్) 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య, సబ్‌కి లో పాస్ (కిందివాటినే పంపేది) 80 దగ్గర పెట్టండి. గెయిన్ (స్టీరియో సిగ్నల్‌కి యాంప్‌ని సరిపోల్చే నాబ్) అంటే వాల్యూమ్ కాదు, దాన్ని మల్టీమీటర్‌తోనే పెట్టాలి. స్పీకర్ వైర్లు విప్పి, ఈక్వలైజర్ ఫ్లాట్‌గా ఉంచి, హెడ్ యూనిట్ (స్టీరియో) వాల్యూమ్ ముప్పావు దగ్గర పెట్టండి. సబ్ చానల్‌కి 50 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, మీటర్‌ని ఏసీ వోల్టులకి మార్చి, యాంప్ స్పీకర్ టెర్మినల్స్ మీద పెట్టి, గెయిన్ మెల్లగా పెంచుతూ చూడండి. 4 ఓమ్స్ మీద 300 వాట్లకి 34.6 వోల్టులు రాగానే ఆపేయాలి, 75 వాట్ల స్పీకర్‌కి 1000 హెర్ట్జ్ టోన్‌తో 17.3 వోల్టులు. అంతకు మించి తిప్పితే క్లిప్పింగ్ (శబ్ద తరంగాల కొసలు తెగిపోవడం) మొదలై ట్వీటర్లు కాలిపోతాయి.

అన్నీ బిగించాక అరగంట గట్టిగా వాయించి, బ్యాటరీ దగ్గర ఒకసారి, యాంప్ టెర్మినల్స్ దగ్గర ఒకసారి వోల్టేజ్ కొలవండి. తేడా 0.4 వోల్టులు దాటినా, ఫ్యూజు హోల్డర్ చేతికి వేడిగా తగిలినా ఎక్కడో ఒక క్రింప్ సరిగ్గా పడలేదు, బోటు తీసే ముందే దాన్ని కోసేసి మళ్లీ వేయండి.