పాత ఎస్‌యూవీలో ఆటోమేటిక్ గేర్ల తంటా: గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూడండి

పాత ఎస్‌యూవీలో గేర్లు సరిగ్గా పడకపోతే చాలాసార్లు మొదట వినిపించే మాట "గేర్‌బాక్స్ దించాలి" అని. వెంటనే సరే అనకండి. ఆయిల్, బ్యాటరీ, వైరింగ్, మౌంటింగులు (ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను బండికి పట్టి ఉంచే దిమ్మలు) చూడకుండా గేర్‌బాక్స్ విప్పడం తొందరపాటు. నిజంగా విప్పాల్సిన సందర్భాలు ఉన్నాయి, అవి ఏవో కూడా చెబుతాను.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న ఆటోమేటిక్ గురించి. సీవీటీ (విడి గేర్లు లేని రకం), డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌ల రకం) పనిచేసే తీరు వేరు, వాటి ఆయిల్ వేరు. ఏఎంటీ అయితే అసలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ పని మన బదులు యంత్రం చేస్తుంది. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు దాని స్వభావం, రోగం కాదు.

డీలో (ముందుకు నడిపే స్థానంలో) వేశాక బండి ఆలస్యంగా కదలడం

ఆటోమేటిక్‌లో ఆయిల్ అరుగుదలను ఆపడానికి మాత్రమే కాదు. దాని ప్రెషర్‌తోనే లోపలి క్లచ్‌లు బిగుసుకుంటాయి. ప్రెషర్ రావడం ఆలస్యమైతే గేరు పడటమూ ఆలస్యమవుతుంది. కారణం ఆయిల్ తగ్గడం, ఫిల్టర్ మూసుకుపోవడం, లేదా రబ్బరు సీళ్లు గట్టిపడటం. పొద్దున్నే ఆలస్యమై, వేడెక్కాక సర్దుకుంటే సీళ్లను అనుమానించాలి.

ముందు లెవెల్ చూడండి. డిప్‌స్టిక్ ఉంటే చాలా బండ్లలో చదునైన చోట, ఆయిల్ వేడిగా, ఇంజిన్ నడుస్తుండగా పీలో (పార్కింగ్‌లో) పెట్టి చూడాలి. కొన్ని కంపెనీలు ఇంజిన్ ఆపి చూడమంటాయి కాబట్టి బండి పుస్తకంలో ఉన్నదే పాటించండి. కొత్త తరం బండ్లలో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. కింద నుంచి ప్లగ్ విప్పి, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడే లెవెల్ చూడాలి, అందుకు స్కానర్ (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) కావాలి. అది లేకుండా అంచనాగా పోసే చోట ఈ పని చేయించకండి. ఆయిల్ ఎక్కువైనా నురగ కట్టి ప్రెషర్ నిలవదు.

ఇంజిన్ ఆయిల్‌లా ఇది కాలి తగ్గేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది.

రంగు కూడా చూడండి. కొత్త ఆయిల్ చాలావరకు ఎర్రగా ఉంటుంది, వాడకంతో గోధుమ రంగుకు తిరగడం మామూలే. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలాయి. గులాబీ రంగు పాలలా ఉంటే కూలెంట్ కలిసిందని అర్థం. రేడియేటర్ లోపలి ఆయిల్ కూలర్ చిల్లుపడితే అలా అవుతుంది. అప్పుడు బండి నడపనే వద్దు, నీరు తగిలితే ప్లేట్ల మీది పూత ఊడిపోతుంది.

ఆర్‌పీఎం పెరుగుతుంది, వేగం పెరగదు

ఇది స్లిప్, అంటే లోపలి క్లచ్ ప్లేట్లు పట్టు లేక జారడం. ఆయిల్ తగ్గడం వల్ల అయితే లీకు ఆపి, లెవెల్ సరిచేసి చూడొచ్చు. ఆయిల్ నిండుగా ఉండి, మాడు వాసనతో స్లిప్ అవుతుంటే ప్లేట్లు అరిగిపోయినట్టే. ఆయిల్ మార్చినంత మాత్రాన అరిగిన ప్లేటు తిరిగి రాదు. గేర్‌బాక్స్ విప్పాల్సింది ఇలాంటప్పుడే.

ఒకే వేగంలో వెళ్తుండగా సన్నని వణుకు

గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు క్షణకాలం వణికి ఆగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను నేరుగా కలిపే లాకప్ క్లచ్ పట్టీ పట్టనట్టు జారితే ఇలా ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద వణుకు మొదలవగానే యాక్సిలరేటర్ వదలకుండా ఎడమకాలితో బ్రేకును చాలా తేలికగా తాకండి. లాకప్ విడిపోతుంది. వణుకు ఆగితే దోషం లాకప్‌దే. ఆగకపోతే ఇంజిన్ మిస్‌ఫైర్, టైర్లు, షాఫ్టులు చూడాలి.

మందు చాలాసార్లు సరైన గ్రేడ్ కొత్త ఆయిలే. పాత ఆయిల్ ఒకసారి కారిస్తే మొత్తం రాదు, చాలా భాగం కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. కొంత దూరం నడిపి మళ్లీ మార్చాలి, అలా రెండు మూడుసార్లు. "జీవితకాలం మార్చక్కర్లేదు" అనే మాట నమ్మకండి. ఎన్నో కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. బరువులు లాగే, కొండలెక్కే బండికి ఇంకా ముందే మార్చడం నయం.

గట్టి జర్కులు, ఒకే గేరులో ఉండిపోవడం

ఏదైనా దోషం కనబడితే గేర్‌బాక్స్‌ను కాపాడటానికి దాని కంప్యూటర్ బండిని ఒకే గేరులో ఉంచేస్తుంది. బ్యాటరీ ఓల్టేజ్, ఎర్త్ వైరు, కనెక్టర్లు చూశాక స్కానర్ పెట్టించండి. స్కానర్‌లో వచ్చే పీ0700 అనే దోషం కోడ్ ఒక్కటే చూపించి గేర్‌బాక్స్ పోయిందంటే ఒప్పుకోకండి. అది గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఇంకో కోడ్ ఉందని మాత్రమే చెబుతుంది. ఆ రెండో కోడే అసలు విషయం. డీ నుంచి ఆర్‌కు మార్చినప్పుడు మాత్రమే "టక్" మంటే మౌంటింగ్ తెగిందేమో చూడండి.

మలుపులో బిగబట్టినట్టు కదలడం

ఎస్‌యూవీల్లో దీన్ని గేర్‌బాక్స్ మీదకు తోసేస్తారు. పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్ వేసి పొడి తారురోడ్డు మీద తిప్పితే ముందు, వెనుక చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగలేక బిగుస్తాయి. టూవీల్‌లోకి మార్చితే పోతుంది. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండిలో రెండు కొత్త టైర్లు, రెండు అరిగినవి ఉన్నా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) మీద భారం పడుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసుకూ డిఫరెన్షియల్స్‌కూ ఆయిల్ విడిగా ఉంటుంది. వాటిని మరిచిపోతారు.

పీ నుంచి లివర్ కదలకపోవడం

బ్రేకు నొక్కి వెనుక లైట్లు వెలుగుతున్నాయో చూడండి. వెలగకపోతే ఫ్యూజ్ లేదా బ్రేకు స్విచ్ పోయి ఉంటుంది, బ్రేకు నొక్కినట్టు బండికి తెలియక లివర్‌ను వదలదు. వాలులో మాత్రమే బిగుసుకుంటే బండి బరువంతా పార్కింగ్ కొక్కెం మీద ఉంది. ఇకపై ఎన్‌లో ఉంచి హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేకు వదిలి బండి దాని మీద ఆనాక, మళ్లీ బ్రేకు నొక్కి పీలోకి మార్చండి.

బండి ఇంకా కొనలేదా? ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఆర్, డీ మార్చి చూడండి. మీరు వెళ్లేసరికే వేడెక్కించి ఉంచితే, చల్లారాక మళ్లీ వస్తానని చెప్పండి.