చేనేత బట్టలతో బీరువాను తీర్చిదిద్దుకోవడం ఎలా?

కొత్త బట్టలు కొనేముందు బీరువాలో ఉన్నవన్నీ బయట పరచి, ఏడాదిగా కట్టనివాటిని వేరు చేసి, అవి ఎందుకు మూలపడ్డాయో చూడాలి. చాలావాటికి కుట్లు వదులు చేయించడమో, చిరిగినచోట రఫ్ఫు చేయించడమో సరిపోతుంది. పర్యావరణానికి అన్నిటికన్నా మేలు చేసే వస్త్రం ఇప్పటికే మీ దగ్గర ఉన్నదే.

కొనక తప్పనప్పుడు, ఒకదానితో ఒకటి కలిసే రెండు మూడు రంగులను ఎంచుకుని, మన ఎండలకు తగిన మంగళగిరి నూలు, పొందూరు ఖద్దరు వంటివి చూడండి. మంగళగిరి బట్ట నడిమి భాగం సాదాగా, అంచు జరీతో ఉంటుంది కనుక దానితో కుట్టించిన కుర్తా ఆఫీసుకూ, శుభకార్యానికీ పనికొస్తుంది.

పోచంపల్లి ఇక్కత్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆ పేరుతో అచ్చు బట్టలు విరివిగా అమ్ముతున్నారు. అసలు ఇక్కత్‌లో నూలును ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు కాబట్టి నమూనా రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. దాని గీతల అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. వెనకవైపు వెలవెలబోతే అనుమానించవలసిందే. చేనేత గుర్తు ఉన్న చీటీ కూడా అడగండి. ధర ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి కట్టే బట్టను ఒక్కరోజు ధరతో తూచడం న్యాయం కాదు.

ముదురు రంగు నూలు బట్టలను మొదట్లో విడిగా, చన్నీళ్లలో ఉతికి, తిరగేసి నీడన ఆరవేయాలి. జరీ చీరల మడతలను అప్పుడప్పుడు మార్చకపోతే మడత వెంట చిరుగుతాయి. బాగా పాతబడిన నూలు చీరలు బొంతలకు, దిండు గలీబులకు చక్కగా ఉపయోగపడతాయి.