మిరప నారును రాటుదేల్చడం ఎలా? నాటిన మర్నాడే తల వాల్చకుండా ఏం చేయాలి?

మహారాష్ట్రలోని సిరోంచ చుట్టుపక్కల ప్రాణహిత నది ఒడ్డు రేగళ్ళలో ఏటా ఆగస్టు చివర ఇదే చూస్తున్నా. మధ్యాహ్నం మిరప నారు నాటుతారు. మర్నాడు పదకొండు కొట్టేసరికి చాళ్ళకు చాళ్ళే నేలకు తల వాల్చేస్తాయి. ఇక బిందెలు, పైపులు, ఉరుకులు. నాలుగోరోజు చచ్చిన మొక్కల చోట పోగుంటలు నింపడానికి మళ్ళీ నారు కోసం వెతుకులాట. అడిగితే "ఇత్తనం మంచిది గాదు, కృషి కేంద్రపాయన మోసం జేసిండు" అంటారు. తప్పు విత్తనానిది కాదు. ఆ మొక్కకు పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజు కూడా దాహమంటే ఏమిటో తెలియదు. తెలియనిచ్చినవాళ్ళు లేరు.

ఇరవై ఏళ్ళుగా ఈ నేలలోనే నారు పోస్తున్నా. నేను చెప్పేది ప్రధానంగా ఒక్క పని గురించే: పీకబోయే ముందు పది రోజులు నారును ఎండకూ దాహానికీ అలవాటు చేయడం. మిగతావి ఎవరైనా చేస్తారు.

ముందు మొక్క కష్టం తెలుసుకోండి

వేరు కొనకు కాస్త వెనకగా సన్నటి నూగు ఉంటుంది. మొక్క నీళ్ళు తాగేది ఎక్కువగా ఆ నూగుతోనే. నారు పీకగానే అదంతా మట్టిలోనే తెగి ఉండిపోతుంది. కొత్తది రావాలంటే కొన్ని రోజులు పడుతుంది. ఆకులు మాత్రం అన్ని రోజులు ఆగవు. వేరు తాగిన నీళ్ళలో 100కు 95 పాళ్ళకు పైగా ఆకుల మీదున్న సన్నటి రంధ్రాల గుండా ఆవిరై పోయేవే. నమ్మకం కుదరకపోతే ఎదిగిన మిరప కొమ్మకు పొద్దున పది గంటలప్పుడు పాలిథిన్ సంచి తొడిగి, మూతి దారంతో కట్టి చూడండి. మధ్యాహ్నానికి సంచి లోపల చెమట పట్టినట్టు చుక్కలు జారుతుంటాయి.

అంటే నాటిన రోజు మొక్కకు తాగే నోరు తెగిపోయింది, కారే చిల్లులన్నీ తెరిచే ఉన్నాయి. అలాంటప్పుడు మనం పైనుంచి ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం? చిల్లులు మూసుకోవడం ఆ మొక్కకు ముందే అలవాటై ఉండాలి.

మడి, విత్తనం

ఇది త్వరగా చెప్పేస్తా. ఎకరా తోటకు 40 చదరపు మీటర్ల మడి చాలు. మీటరు వెడల్పు, నేలకన్నా 15 సెంటీమీటర్లకు తగ్గని ఎత్తు. బాగా మాగిన పెంట కలపాలి. చెట్టు కింద మడి కట్టొద్దు, వేపచెట్టు కిందైనా సరే. సూటి రకమైతే 650 గ్రాములు, హైబ్రిడ్ అయితే 75 నుంచి 100 గ్రాముల విత్తనం. వరసల్లోనే పోయాలి, చల్లొద్దు. పైన పల్చగా గడ్డి కప్పి, మొలక కనబడిన రోజే తీసేయాలి. నారుకుళ్ళు రాకుండా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, వారం తేడాతో రెండుసార్లు మడి తడపాలి. అంతే.

ఒక్కటి మాత్రం మరవొద్దు. మడి మీద వెదురు బద్దలు విల్లుల్లా వంచి గుచ్చి, పక్కన పాలిథిన్ పట్టా చుట్టి పెట్టుకోండి. దాని పని ముందుంది.

అసలు పని: నారును ఆరబెట్టడం

మడిలో పోసిన నారు ఆరు వారాలకు నాటుకు వస్తుంది. కాబట్టి నెల దాటిన రెండోరోజో మూడోరోజో ఈ పని మొదలవుతుంది.

మొదట యూరియా బంద్. ఆఖరి పది రోజులు చిటికెడు కూడా వేయొద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు పెద్దగా, పల్చగా, మెత్తగా వస్తుంది. చూడటానికి నిగనిగలాడుతుంది గానీ ఎండ తగిలితే ఆగదు. "మస్తు పచ్చగున్నది" అని మురిసిపోయే నారే ముందు పోతుంది.

తర్వాత నీడ. గ్రీన్ నెట్ ఉంటే ఒక్కసారే లాగిపారేయొద్దు. నీడలో పుట్టిన ఆకుకు నిండు ఎండ ఒక్కరోజులో పడితే తెల్లటి మచ్చలుగా కాలిపోతుంది. ఆ మచ్చ మళ్ళీ పచ్చబడదు. మొదటి రెండు రోజులు పొద్దుటి ఎండ రెండు గంటలు, తర్వాత రెండు రోజులు మధ్యాహ్నం దాకా, ఆ తర్వాత పూర్తిగా.

ఇక నీళ్ళు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. సగంమందికి నీళ్ళు ఆపడానికి మనసొప్పదు. మిగతా సగం ఆపేసి మరిచిపోతారు. మొదటి మూడు నాలుగు రోజులు రోజు విడిచి రోజు తడి ఇవ్వండి. ఆ తర్వాత ఆపి, కాపలా కాయండి. కాయడమంటే ఎలాగో చెబుతా.

నీళ్ళు ఆపిన రెండోరోజు మధ్యాహ్నం ఆకులు వాలతాయి. అది చూసి చెంబు పట్టుకోకండి. ఆ వాలడం చావు కాదు. నేల ఆరుతున్న సంగతి తెలియగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. ఆకుల్లోని రంధ్రాలకు కాపలాగా ఉండే కణాలకు అదే సంకేతం. వాటిలో బిగువు తగ్గి రంధ్రాలు మూసుకుంటాయి. పైఎదుగుదల మందగిస్తుంది, వేరు మాత్రం తడి వెతుక్కుంటూ లోతుకు పోతుంది. ఈ రోజుల్లో పుట్టే కొత్త ఆకు చిన్నగా, దళసరిగా, పైన మైనం పూతతో వస్తుంది. మనక్కావాల్సింది సరిగ్గా ఇదే. మధ్యాహ్నం వాలగానే నీళ్ళు పోశారంటే ఆ పనంతా సగంలో ఆపేసినట్టే.

మరి ఎప్పుడు పోయాలి? మబ్బులనే లేచి, పొద్దు పొడవక ముందు మడి దగ్గరికి వెళ్ళండి. రాత్రి రంధ్రాలు మూసుకుని ఉంటాయి, ఖర్చు ఉండదు. వేరు తాగిందంతా మొక్కలో నిలుస్తుంది. కాబట్టి తెల్లవారేసరికి ఆకు నిటారుగా లేచి ఉండాలి. లేచి ఉంటే మరో రోజు ఆగొచ్చు. తెల్లవారుజామున కూడా ఆకు వాలే ఉందంటే, ఆ నేలలో వేరు పీల్చుకోగలిగిన నీళ్ళు ఇక లేవు. ఆ నిమిషంలోనే పల్చగా తడి ఇవ్వండి. మొక్క ఆరోగ్యం మధ్యాహ్నం చూసి తేల్చొద్దు, తెల్లవారుజామున చూసి తేల్చండి. మా ఇంట్లో పిల్లలకు కూడా ఇదే నేర్పించా.

వేలు గుచ్చి తడి చూస్తామంటారు కొందరు. ప్రాణహిత పక్కన ఇసుక కలిసిన ఒండ్రులో అది పనికొస్తుంది. అక్కడ రెండు రోజుల్లోనే ఆరుతుంది, కాబట్టి ఇంకా జాగ్రత్త. రేగడిలో మాత్రం వేలిని నమ్మొద్దు. రేగడి నీళ్ళను గట్టిగా పట్టుకుంటుంది. వేలికి చల్లగా, తడిగానే తగులుతుంది, వేరుకు మాత్రం వదలదు. తడి కనబడుతుండగానే మొక్క దాహంతో పోతుంది.

పక్కన టమాట నారు కూడా పోసి ఉంటే ఇంకో గుర్తు దొరుకుతుంది. నీళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో తెల్లవారుజామున ఆకు అంచుల వెంట, ప్రతి కొన దగ్గరా ఒక్కో చుక్క పూసలా నిలిచి ఉంటుంది. అందరూ మంచు అనుకుంటారు. అది వేరు నెట్టిన నీరు, అంచుల్లో నుంచి బయటికొచ్చింది. నీళ్ళు ఆపాక ఆ పూసలు కనబడవు. పూసలు లేకున్నా ఆకు నిలబడి ఉందంటే ఆరబెట్టడం సరిగ్గా నడుస్తోందని అర్థం.

నారు రాటుదేలిందని ఎలా తెలుస్తుంది? ఆకు రంగు ముదురుతుంది. కణుపుల దగ్గర ఊదా ఛాయ వస్తుంది. కాండాన్ని వేలితో పక్కకు వంచి వదిలితే మెత్తగా పడి ఉండిపోదు, వెంటనే లేచి నిలబడుతుంది.

అతి చేయడం కూడా నష్టమే. రంధ్రాలు మూసుకున్నంత సేపు గాలి లోపలికి పోదు, మొక్కకు తిండి తయారవదు. ఆకుకు చల్లదనం కూడా ఉండదు. ఒక ఏడు ఇంట్లో పెళ్ళి పనిలో పడి నాలుగు రోజులు మడి వైపు పోలేదు. మొక్కలు చావలేదు, కానీ నాటాక మూడు వారాలు కదలకుండా మొండికేశాయి. పూత వెనకబడింది, మొదటి కోత వెనకబడింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

వాన పడితే?

మన దగ్గర ఈ పని ఆగస్టులో వస్తుంది కాబట్టి అసలు చిక్కు ఇదే. ఆరబెట్టిన నాలుగోరోజు గంట వాన పడితే మొక్క మళ్ళీ మెత్తబడుతుంది, లెక్క మొదటికొస్తుంది. పట్టా చుట్టి పెట్టుకొమ్మన్నది అందుకే. మబ్బు పట్టగానే కప్పాలి. వాన తెరిపివ్వగానే తీసేయాలి. ఎండలో కప్పి ఉంచితే లోపల ఉడికిపోతుంది.

ముసురు పట్టిన ఒక ఏడు మా పెద్దమ్మ మడిలో నీళ్ళు నిలిచి నారు వాలింది. ఆమె "ఎండిందిరా, నీళ్ళు వొయ్యి" అంది. నేనూ పోశా. రెండు రోజుల్లో వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే తొక్క ఊడొచ్చింది. నీళ్ళు నిలిచినా మొక్క వాలుతుంది. మట్టిలోని సందులన్నీ నీటితో నిండితే వేరుకు గాలి ఆడదు, గాలి లేని వేరు తాగలేదు. అప్పుడు చేయాల్సింది కాలువ తీయడం. అందుకే మడి ఎత్తుగా ఉండాలని అంత పట్టుబడతాను.

ట్రే నారు కొనేవాళ్ళకు

ట్రే నారుకు ఒక మేలు ఉంది. కొబ్బరిపొట్టుతో సహా వస్తుంది కాబట్టి వేరు తెగదు. కానీ నెట్ హౌస్ నీడలో రోజూ తడుపుతూ పెంచిన నారు అది. బండి దింపిన సాయంత్రమే నాటడం తప్పు. కనీసం అయిదు రోజులు మీ వాకిట్లో పెట్టి, పైన చెప్పిన లెక్కలో ఎండ చూపించండి. ట్రేలో పొట్టు తక్కువ, కాబట్టి నీళ్ళు పూర్తిగా ఆపొద్దు, తగ్గించండి. నన్నడిగితే మడి నారే మేలు. ఎండనూ మట్టినీ చూసి పెరుగుతుంది.

ఇంకొందరు నీటి ఖర్చు తగ్గుతుందని నారు తలలు తుంచుతారు. నేను ఒప్పుకోను. కొత్త వేరు వేయడానికి తిండి పంపేది ఆ ఆకులే. పైగా తుంచే చేతులతో మొజాయిక్ వైరస్ మొక్క నుంచి మొక్కకు పాకుతుంది. ఖర్రా (పొగాకు, వక్క కలిపి నమిలేది) నలిపిన చేతులతో అసలే ముట్టొద్దు. పొగాకులో ఉండే వైరస్ మిరపకూ టమాటకూ అంటుకుంటుంది. సబ్బుతో కడుక్కున్నాకే మడిలో చేయి పెట్టాలి. కూలీలకు ఈ మాట చెప్పడానికి మొహమాటపడకండి.

పీకడం, నాటడం

పీకే ముందురోజు సాయంత్రం మడిని నిండా తడపండి. ఇన్నాళ్ళ దాహం తర్వాత ఆ రాత్రి మొక్క కడుపునిండా తాగుతుంది. కుర్పీతో కింద నుంచి లేపాలి, జుట్టు పట్టి లాగొద్దు. తడి గోనెపట్టాలో చుట్టి నీడన పెట్టాలి. నాటడం సాయంత్రం నాలుగు దాటాకే. పొద్దున నాటేవాళ్ళున్నారు, వాళ్ళ మొక్కకు మొదటి గంట నుంచే ఎండతో కొట్లాట. వేరు చుట్టూ మట్టి బొటనవేళ్ళతో గట్టిగా అదమండి. గాలి సందు ఉంటే నీరు వేరుకు అందదు. వెంటనే ఒక తడి.

మర్నాడు మధ్యాహ్నం కాస్త వాలుతుంది. కంగారుపడకండి, తెల్లవారాక చూడండి. అయిదారు రోజులకు నడిమి చిగురు మెరుస్తూ కనబడుతుంది. అప్పుడు చాలు చివర ఒక మొక్కను మట్టితో సహా లేపి, నీళ్ళలో మెల్లగా కడిగి చూడండి. పాత గోధుమరంగు వేళ్ళ పక్కన దారప్పోగుల్లా తెల్లటి కొత్త వేళ్ళు ఉండాలి. అవి కనబడ్డాకే తోటకు మొదటి యూరియా.