ఎమిల్‌ను కాజీపేటల దింపుడు ఎట్ల: జర్మన్ పిల్లల పుస్తకాన్ని పెద్ద బడ్జెట్ సినిమా చేసేటోళ్ళకు

గ్రాఫిక్స్‌కు ఎంత, సెట్‌కు ఎంత అని లెక్కలు పెట్టకముందే ఆ పుస్తకం చదివిన పిల్లలను నలుగురిని కూసోవెట్టుకొని మీకు ఏం యాదికున్నది అని అడగండి. ఎరిష్ కేస్ట్నర్ 1929ల రాసిన ‘ఎమిల్ అండ్ ది డిటెక్టివ్స్’, అదే ఎమిల్ అనే పోరని కథ, చదివినోళ్ళయితే పిన్ను అంటరు. అమ్మమ్మకు ఇయ్యమని అమ్మ ఇచ్చిన నూట ఇరవై మార్కులు (అప్పటి జర్మనీ పైసలు), దారి ఖర్చుకు ఇంకో ఇరవై, మొత్తం 140 మార్కులు కోటు లోపలి జేబుల పెట్టి పోకుండ పిన్ను గుచ్చుకుంటడు, రైల్ల నిద్రపోతడు, లేచి తడుముకుంటే నోట్లు లేవు, పిన్ను మాత్రం ఉన్నది, అదీ వేలుకు గుచ్చుకుంటది. చివరికి దొంగ బ్యాంకుల దొరికినప్పుడు ఆ నోట్లు ఎమిల్‌వే అని చెప్పేది కూడ ఆ పిన్ను బొక్కలే. ఎన్ని కోట్ల సినిమా అయినా పెద్ద తెర మీద బాగా దగ్గరికి పోయి చూపియ్యాల్సింది ఆ నోటు మీది బొక్కలనే, డ్రోన్ షాట్లు దాని తర్వాతనే.

హక్కుల సంగతి మొదట తేల్చుకోవాలె. కేస్ట్నర్ 1974ల చనిపోయిండు. మన చట్టంల రచయిత పోయిన తర్వాత 60 ఏండ్లు, అంటే ఇండియాల 2034 చివరి దాకా, జర్మనీల 70 ఏండ్లు కాబట్టి 2044 చివరి దాకా. ఈడ 2035ల ఫ్రీ అయితది కదా అని ఆగేటోళ్ళుంటరు, కానీ ఓటీటీల వేస్తే అది జర్మనీల కూడ కనవడుతది, ఆడ ఇంక హక్కు నడుస్తనే ఉంటది. ఈ కథను 1931 నుంచి మస్తుసార్లు సినిమా తీసిండ్రు కాబట్టి పబ్లిషర్‌కు మెయిల్ పెట్టినప్పుడు సినిమా హక్కులు ఇప్పుడు ఎవ్వల దగ్గర ఉన్నయో రాతపూర్వకంగ అడగాలె. ఇంగ్లీష్ అనువాదం ముందల పెట్టుకొని స్క్రిప్ట్ రాస్తే ఆ అనువాదకుని హక్కు వేరే ఉంటది, అందుకే జర్మన్ వచ్చినోళ్ళతోటి మూలం చదివించుకునుడే మంచిది. ఇంకోటి, రచయిత వైపోళ్ళు స్క్రిప్ట్ మీద ఎంతవరకు మాట్లాడొచ్చో అగ్రిమెంట్‌లనే రాసుకోండి. మిఖాయెల్ ఎండె అనే ఇంకో జర్మన్ రచయిత పుస్తకం మీద 1984ల ‘ది నెవర్ ఎండింగ్ స్టోరీ’ వస్తే ఆయన సినిమా మీద కోర్టుకు పోయిండు, గెలువలేదు, మొదటి టైటిల్స్‌ల తన పేరు మాత్రం తీసేయించుకున్నడు. గసొంటి లొల్లి రిలీజ్ ముందర ఎవ్వలకూ వద్దు.

ఇగ కథను మన దిక్కు తెచ్చుడు. ఇప్పటి కాలంల పెడితే సినిమా పది నిమిషాలకే అయిపోతది, తల్లి ఫోన్‌పే కొడుతది, పోరడు ఎవ్వల ఫోన్ అయినా అడిగి అమ్మమ్మకు చేస్తడు. అందుకే 1978ల పెట్టండి, బడ్జెట్ పెద్దదయ్యేది కూడ ఈడనే, ఆవిరి ఇంజన్, చెక్క సీట్ల బోగీ, అప్పటి రిక్షాలు, బోర్డులు, బట్టలు అన్నీ కావాలె. పుస్తకంల ఎమిల్ నోయ్‌స్టాట్ అనే చిన్న ఊరి నుంచి బెర్లిన్ పోతడు, అమ్మమ్మ ఫ్రీడ్రిఖ్‌స్ట్రాసె స్టేషన్ల ఎదురుచూస్తది, దొంగ అంతకుముందే జూ స్టేషన్ల దిగిండని పిల్లగాడు కూడ ఆడనే దుంకుతడు, ఆడ కలిసిన గుస్తవ్ అనే పోరడు తన పిల్లల గ్యాంగ్‌తోటి దొంగెంట పడుతడు. మనకు ఇది అచ్చం కుదిరింది. పోరడు బెల్లంపల్లిల ఎక్కుతడు, అమ్మమ్మ వరంగల్ స్టేషన్ల పూలకొట్టు కాడ నిలవడి ఉంటది, దొంగ కాజీపేటల దిగుతడు. దూరం పది కిలోమీటర్ల లెక్కే, కానీ పైసల్లేని పోరనికి అదే వేరే దేశం. రైల్వే క్వార్టర్ల పిల్లలు ఆడ ఎట్లాగూ ఉంటరు, గ్యాంగ్ రెడీ.

తల్లి పని మారుస్తే మారింది గానీ కష్టం తెర మీద కనవడాలె. పుస్తకంల ఆమె ఇంట్లనే ఆడోళ్ళకు తలలు కడిగి, జుట్టు చేసి సంపాదిస్తది. మన కాడ బీడీలు చేసే తల్లిని పెడితే ఎవ్వలూ అడిగేది లేదు, చాట ఒళ్ళె పెట్టుకొని, ఆకు కత్తిరించుకుంట, కట్టలు లెక్క పెట్టుకుంట. మేకప్ వద్దు, వేళ్ళు చూపెట్టండి చాలు.

చాలామంది స్క్రిప్ట్ రైటర్లు కత్తెర వేసే ముక్క ఒకటున్నది, వెయ్యొద్దు. ఎమిల్ పోలీసుల కాడికి ఎందుకు పోడు? ఊర్ల డ్యూక్ విగ్రహానికి ఎర్ర ముక్కు, మీసాలు గీసిండు, పోలీసాయన చూసిండేమో అని భయం. ఇది తీసేస్తే ప్రేక్షకుడు మొదటి అరగంటలనే పోలీస్ స్టేషన్‌కు పోరా అంటడు. కాకపోతే ఎవ్వల విగ్రహం అనేది జాగ్రత్త, నిజం నాయకునిది పెట్టిన్రా, షూటింగ్ ఆగి ధర్నా మొదలైతది, కాబట్టి పేరులేని పాత దొర విగ్రహం ఒకటి చేయించుకోండి.

పిల్లలు మస్తుమంది కావాలె కాబట్టి రూల్స్ చూసుకోండి. రోజుకు 5 గంటలకు మించి పని వద్దు, ఆపకుండ 3 గంటలకు మించి వద్దు, వరుసగ 27 రోజులు దాటొద్దు, జిల్లా మెజిస్ట్రేట్ పర్మిషన్ కావాలె, వాళ్ళ సంపాదనల కనీసం 20 శాతం ఆ పిల్లల పేరు మీదనే బ్యాంకుల డిపాజిట్ చేయాలె. అంటే పెద్దోళ్ళ షెడ్యూల్ లెక్కతోటి ప్లాన్ చేస్తే సినిమా సగంల ఆగుతది, గుంపు సీన్లను రెండు బ్యాచులుగ తియ్యాలె. హారన్ ఊదే గుస్తవ్ పాత్రకు గట్టి పోరడు దొరుకుతడు, కష్టమల్ల ఫోన్ కాడ కూసునే చిన్న డీన్‌స్టాగ్ పాత్రకే. అందరూ దొంగెంట ఉరుకుతుంటే వాడొక్కడు ఇంట్ల ఫోన్ కావలి, అయినా కదలడు. గమ్మున కూసోని ముఖంతోనే నటించేటోన్ని చివరి దాకా వెతకండి.

స్టేషన్ల షూటింగ్‌కు సికింద్రాబాద్‌ల దక్షిణ మధ్య రైల్వే ప్రజాసంబంధాల ఆఫీసుకు స్క్రిప్ట్‌తోటి అప్లై చేయాలె. బల్లార్షా దాకా సాగదీయకండి, ఆ స్టేషన్ సెంట్రల్ రైల్వే నాగ్‌పూర్ డివిజన్‌ది, ఇంకో జోన్ కలిస్తే ఫైలు రైల్వే బోర్డు దాకా పోతది. ఆవిరి ఇంజన్ ముందు భాగం, ఒక బోగీ సెట్ వేసుకుంటే లోపలి సీన్లన్నీ ఆడనే అయిపోతయి.

గ్రాఫిక్స్ పైసలన్నీ ఒక్క కాడనే పోయాలె, రైల్ల ఎమిల్‌కు వచ్చే కల. గుర్రాలు లాగే రైలు పట్టాలు దిగి వాని ఎంట పడుతది, ఉరికి ఉరికి వాడు పెద్ద మేడ ఎక్కుతడు. మనకయితే బొగ్గు కుప్పల నడుమ నుంచి ఆ రైలు వస్తే చూడాలె. మిగిలిందంతా నిజం వీధులే ఉండాలె, 1931ల బిల్లీ వైల్డర్ స్క్రిప్ట్‌తోటి తీసినోళ్ళు కూడ బెర్లిన్ రోడ్ల మీదనే తీసిండ్రు.

క్లైమాక్స్‌ల హీరోయిజం ఉపన్యాసం రాయమని ప్రొడ్యూసర్ అడుగుతడు, రాయకండి. పుస్తకంల అందరూ కూసోని దీంట్ల నీతి ఏంది అని మాట్లాడుకుంటుంటే అమ్మమ్మ అంటది, పైసలు ఎప్పుడైనా మనియార్డరే చేయాలె అని. ఆ డైలాగ్ 1978ల అట్లనే సరిపోతది, ఒక్క అక్షరం మార్చొద్దు, నవ్వు తగ్గకముందే టైటిల్స్ వేసేయండి.