లీగల్ గంజాయి మీద పన్ను: ఎస్సేకైనా డిబేట్‌కైనా ఎలా ప్రిపేర్ అవ్వాలి (సిక్కోలు, విజయనగరం పిల్లల కోసం)

గ్రూప్స్‌కి చదివే మన పిల్లలకి "గంజాయిని లీగల్ చేసి పన్ను వేస్తే ఎలాగుంటాది" అనే టాపిక్ ఇస్తే చాలామంది రెండే దార్లు పడతారు. ఒకటి యువత నాశనమైపోతాది అని, ఇంకోటి అమెరికాలో కోట్లు వస్తన్నాయి మనం కూడా చేసేద్దాం అని. రెండిట్లోనూ అసలు ప్రశ్న మిగిలిపోతాది. పన్ను దేని మీద వెయ్యాలి, ఎంత వెయ్యాలి, ఎగ్గొట్టేవాడిని ఎలా పట్టుకోవాలి, ఈ మూడూ తేల్చకుండా లీగల్ చెయ్యాలన్నా వద్దన్నా గాలిలో మాటే అవుద్ది. కాబట్టి ఈ మూడిటినీ పట్టుకుని ఎలా చదవాలో, ఏ లెక్క వేసి చూపించాలో చెప్తాను, నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి.

ముందు మన చట్టం తేల్చుకోండి, ఇక్కడ తప్పు రాస్తే మిగతాదంతా ఎంత బాగున్నా లాభం లేదు. 1985 ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పువ్వు పట్టిన, కాయ పట్టిన కొసలు, వాటితో కలవని ఉత్త ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. అందుకే ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో ప్రభుత్వ లైసెన్స్‌తో ఆ ఆకుతో చేసే భంగు షాపులు నడుస్తన్నాయి. గంజాయి 1 కిలో దాకా చిన్న పరిమాణం, దానికి ఏడాది వరకు జైలు లేదా 10,000 వరకు జరిమానా లేదా రెండూ. 20 కిలోలు దాటితే కమర్షియల్ కింద లెక్క, కనీసం 10 ఏళ్ళు, గరిష్ఠం 20. ఈ రెండు అంకెలూ మన జిల్లాల పిల్లలకి పరీక్ష కోసమే కాదు, బతుక్కోసం కూడా తెలియాలి, ఎందుకంటే ఏజెన్సీ నుంచీ ఒడిశా కొండల నుంచీ దిగే సరుకు మన రోడ్ల మీదుగా, మన రైల్వే లైన్ మీదుగానే పోతాది, ఎవడో బ్యాగ్ ఇచ్చి ఇది ఫలానా ఊళ్ళో దింపెయ్ తమ్ముడూ అంటే కొద్ది వేల కోసం ఒప్పుకున్న కుర్రాడికి ఆ బ్యాగ్‌లో 20 కిలోలు దాటాయంటే పదేళ్ళు పోయినట్టే. నాకు ఈ టాపిక్ మీద ఇంత పట్టింపు ఉండడానికి కారణం అదే.

ఇప్పుడు చాలామంది రాయని పాయింట్ ఒకటి. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితా 51వ ఎంట్రీ చదవండి. మద్యంతో పాటు నల్లమందు, ఇండియన్ హెంప్ (అంటే గంజాయి మొక్క) మీద ఎక్సైజ్ వేసే అధికారం రాష్ట్రానిదే అని ఉంటాది. అంటే పన్ను వేసే చెయ్యి రాష్ట్రానిది, కానీ సరదా కోసం అమ్ముకునే తలుపు మూసింది పార్లమెంట్ చట్టం, వైద్య, శాస్త్రీయ అవసరాలకి తప్ప వద్దని. ఉత్తరాఖండ్ 2018 నుంచి లైసెన్స్ ఇస్తన్నది పీచు కోసం పెంచే మత్తు తక్కువ రకానికి, దాన్ని తీసుకొచ్చి గంజాయి లీగల్ అయిపోయింది అని మాత్రం రాయొద్దు.

తర్వాత చరిత్ర ఒక్క పేరా చాలు, కానీ అది బలంగా ఉండాలి. గంజాయి మీద పన్ను అనేది అమెరికా వాళ్ళు కనిపెట్టింది కాదు. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేసింది, 1894లో రిపోర్ట్ వచ్చింది. అప్పటికి శ్రీకాకుళం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో, అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. పూర్తి నిషేధం అక్కర్లేదు, సరిపడా పన్ను వెయ్యండి, లైసెన్స్ లేకుండా సాగు ఆపి సాగంతా ఒకచోటికి తీసుకురండి, షాపుల సంఖ్య తగ్గించండి, మనిషి దగ్గర ఎంత ఉండొచ్చో హద్దు పెట్టండి, ఇదీ ఆ కమిషన్ సలహా సారం. బెంగాల్‌లో రాజ్‌షాహీ వైపు నౌగావ్ దగ్గర లైసెన్స్ ఉన్న రైతులే పండించేవారు, పంటని తూకం వేసి సర్కారు గోదాంలో పెట్టి పర్మిట్ మీద బయటకి పంపేవారు, పన్ను తూకం మీద. ఇవాళ అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ప్రతి మొక్కకీ ట్యాగ్ కట్టి విత్తనం నుంచి అమ్మకం దాకా కంప్యూటర్‌లో లెక్క పెడతన్నారే, దాని పని కూడా ఇదే. ఈ రెండూ పక్కపక్కన రాస్తే దిద్దేవాళ్ళు ఆగి చదువుతారు.

ఇక అసలు సంగతి, పన్ను దేని మీద. ఇక్కడే టైం పెట్టండి. మూడు పద్ధతులున్నాయి: ధర మీద, తూకం మీద, మత్తు మీద.

ధర మీద వేసేది అన్నిటికన్నా సులువు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2012లో ఓటు వేసి లీగల్ చేశారు, 2014లో షాపులు తెరిచారు, మొదట పండించేవాడి దగ్గర, తయారుచేసేవాడి దగ్గర, షాపులో, మూడు చోట్లా 25 శాతం చొప్పున వేసి చూసి, 2015 జులై నుంచి అవన్నీ తీసేసి షాపులోనే ఒకేసారి 37 శాతం పెట్టారు. లెక్క వేసి చూపించండి: 20 డాలర్ల పొట్లం మీద 7 డాలర్ల 40 సెంట్లు, అంటే 27.40, ఆ పైన మామూలు సేల్స్ ట్యాక్స్ వేరే. దీని చిక్కు ఏటంటే, సాగు పెరిగి ధర పడిపోతే పన్ను కూడా పడిపోతాది, సరుకు చవకై జనం ఎక్కువ కొనే రోజుల్లోనే ఖజానాకి తక్కువ వస్తాది.

తూకం మీద వేస్తే ఆ బాధ లేదు గానీ ఇంకో బాధ. అలాస్కా లీగల్ చేసినప్పుడు పువ్వుకి ఔన్స్‌కి 50 డాలర్లు అని పెట్టింది, ఔన్స్ అంటే 28.35 గ్రాములు, గ్రాముకి దగ్గరదగ్గర 1 డాలర్ 76 సెంట్లు. కెనడా దేశమంతా 2018 అక్టోబర్ 17న లీగల్ చేసి గ్రాముకి 1 డాలర్ లేదా ధరలో 10 శాతం, రెండిట్లో ఏది ఎక్కువైతే అది అంది. చట్టం రాసినప్పుడు గ్రాము 10 డాలర్లు ఉంటాదన్న ఊహలో రెండూ ఒకటే. తీరా సాగు విపరీతంగా పెరిగి ధరలు కూలాయి. పండించేవాడికి గ్రాముకి 3 డాలర్లే వస్తే అందులో 1 డాలర్ పన్ను, అంటే మూడో వంతు. 10 శాతం అనుకున్నది 33 శాతం అయి కూర్చుంది. చిన్న కంపెనీలు పన్ను బకాయిలు పడ్డాయి. ఎస్సేలో ఒక్క ఉదాహరణకే చోటుంటే ఇదే రాయండి, పన్ను రేటు కాగితం మీద మారకుండానే ఎలా మూడింతలవుతాదో ఇంతకన్నా బాగా చూపించేది లేదు.

మత్తు మీద వేసేది వినడానికి న్యాయంగా ఉంటాది, బీరుకొకటి విస్కీకొకటి ఉన్నట్టు. ఇల్లినాయిస్ 2020 జనవరి 1 నుంచి టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) 35 శాతం లోపుంటే 10 శాతం, దాటితే 25, చాక్లెట్లు గమ్మీల్లాంటివాటికి 20 అని మూడు గళ్ళు గీసింది, కాబట్టి అదే 20 డాలర్ల సరుకు రకాన్ని బట్టి 2, 4, 5 డాలర్ల పన్ను కడతాది. న్యూయార్క్ ఇంకా ముందుకెళ్ళి మిల్లీగ్రాముల లెక్కన వేసింది, పువ్వుకి మిల్లీగ్రాముకి అర సెంటు. 20 శాతం టీహెచ్‌సీ ఉన్న ఒక గ్రాములో 200 మిల్లీగ్రాములు, అంటే 1 డాలర్. లెక్క బాగానే ఉంది గానీ ఆ 20 శాతం అని చెప్పేది ల్యాబ్, ల్యాబ్‌కి డబ్బులిచ్చేది సరుకు అమ్మేవాడు. పైగా చిన్న షాపులవాళ్ళకి ఈ లెక్కలు రాసుకోవడమే పెద్ద పని. చివరికి 2024 జూన్ నుంచి అది తీసేసి హోల్‌సేల్ మీద 9 శాతం పెట్టుకున్నారు. కొలిచే యంత్రాంగం మీద నమ్మకం లేని చోట మత్తు మీద పన్ను నిలబడదు, ఈ మాట గట్టిగా రాయండి.

ఎంత వెయ్యాలి అన్నదానికి ఇచ్ఛాపురం వాళ్ళకి పుస్తకం అక్కర్లేదు. 2020 మేలో మన రాష్ట్రంలో మద్యం ధర ముందు 25 శాతం, వెంటనే ఇంకో 50 శాతం పెంచారు, తాగుడు తగ్గించాలనే. పక్కన గేటు దాటితే ఒడిశా, ఇటు రేటుకీ అటు రేటుకీ అంత తేడా ఉంటే సీసాలు బోర్డర్ దాటకుండా ఉంటాయా, నాటుసారా ఆగుద్దా. ఆ తర్వాత రేట్లు తగ్గించుకోవాల్సి వచ్చింది. గంజాయికి కూడా అదే సూత్రం, లీగల్ షాపు రేటు అంటే సాగు ఖర్చు, ల్యాబ్ ఖర్చు, షాపు ఖర్చు, పన్ను అన్నీ కలిపి, అది దొంగసరుకు రేటుకి కాస్త పైన ఉంటే నాణ్యత కోసం, భయం లేకుండా కొనుక్కోవడం కోసం జనం ఇస్తారు, చాలా పైన ఉంటే పాత వాడి దగ్గరకే పోతారు. అందుకని ఎప్పుడూ ఈ కూడిక పేపర్ మీద వేసి చూపించాలి, ఉత్త శాతం రాసి ఊరుకోకూడదు.

దీనికి సాక్ష్యం కాలిఫోర్నియా. 2018 జనవరిలో అమ్మకాలు మొదలెట్టినప్పుడు షాపులో 15 శాతం ఎక్సైజ్, రైతు మీద పువ్వు ఔన్స్‌కి 9.25 డాలర్ల సాగు పన్ను, సేల్స్ ట్యాక్స్, ఊరి పన్ను, ఒకదాని మీద ఒకటి. పైగా సగానికి పైగా ఊళ్ళు, కౌంటీలు మా దగ్గర షాపే వద్దన్నాయి, అవి వద్దనే హక్కు చట్టంలోనే ఉంది. షాపు లేని ఊళ్ళో దొంగవాడే షాపు. 2022 జులైలో సాగు పన్ను తీసేశారు. 2025 జులై 1న ఎక్సైజ్ 19 శాతానికి పెంచి, వ్యాపారం తట్టుకోలేకపోతంటే అక్టోబర్ 1 నుంచి మళ్ళీ 15కి దించారు. మూడు నెలలే నిలిచింది.

నియంత్రణ గురించి ఎక్కువ రాయక్కర్లేదు, ఈ మాటలు పడితే చాలు: 21 ఏళ్ళ వయసు (కెనడాలో రాష్ట్రాన్ని బట్టి 18 నుంచి 21), పిల్లలు తెరవలేని ప్యాకింగ్, కొలరాడోలో తినే సరుకులో ఒక మోతాదుకి 10 మిల్లీగ్రాములు ప్యాకెట్‌కి 100 దాటకూడదన్న హద్దు, డ్రైవింగ్‌కి మిల్లీలీటరు రక్తంలో టీహెచ్‌సీ 5 నానోగ్రాములు అన్న గీత. పన్ను ఆదాయం అసలు ఉద్దేశమే కాదన్నవాళ్ళకి ఉరుగ్వే ఉదాహరణ ఇవ్వండి, 2013 చట్టం, పేరు రిజిస్టర్ చేసుకున్నవాళ్ళకి మందుల షాపులో నెలకి 40 గ్రాములే. చట్టం రాయకుండా తలుపు తీస్తే ఏమవుద్దో థాయ్‌లాండ్ చెప్తాది, 2022 జూన్‌లో నిషేధ జాబితా నుంచి తీశారు, వీధివీధికీ షాపు వచ్చాక 2025లో మళ్ళీ డాక్టర్ చీటీ ఉండాలన్నారు.

అమెరికా గురించి రాసేటప్పుడు రాష్ట్రంలో లీగల్, ఫెడరల్ చట్టంలో నేరం అన్న సంగతి మర్చిపోకండి. ఫెడరల్ పన్ను చట్టంలో 1982లో పెట్టిన 280ఈ సెక్షన్ వల్ల గంజాయి వ్యాపారి షాపు అద్దె, జీతాలు ఖర్చు కింద చూపించుకోలేకుండా అయ్యాడు, అంటే లాభం రాకపోయినా ఆదాయపు పన్ను కట్టే పరిస్థితి. బ్యాంకులు దగ్గరకి రానివ్వక చాలా షాపులు నోట్ల కట్టలతోనే నడిచాయి. ఇది ఎస్సేకే కాదు, మీ అన్నయ్యో అక్కో ఎమ్మెస్‌కి వెళ్ళుంటే వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, అక్కడ షాపులో అమ్ముతున్నా సరే పౌరులు కానివాళ్ళు వాడామని ఒప్పుకుంటే చాలు ఇమ్మిగ్రేషన్‌లో చిక్కులు వస్తాయి, వీసా మీదున్నవాళ్ళు దాని జోలికి పోకూడదు.

డబ్బు ఎటు పోవాలన్నది కూడా రేటుతో పాటే చట్టంలో రాయాలి. కొలరాడో ప్రజలు ఎక్సైజ్‌లో ఏటా మొదటి 4 కోట్ల డాలర్లు స్కూల్ బిల్డింగులకి అని ముందే రాయించుకున్నారు. అయితే 2021లో అక్కడ గంజాయి మీద వచ్చిన మొత్తం పన్ను 42 కోట్ల డాలర్లు దాటింది, 2024కి 26 కోట్ల లోపుకి పడింది. పడిపోయే ఆదాయం మీద జీతాలు, పింఛన్లు పెట్టకూడదు, బిల్డింగు లాంటి ఒక్కసారి ఖర్చులు, డీఅడిక్షన్ సెంటర్లు పెట్టుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ చెయ్యాలా వద్దా అని అడిగితే నా మట్టుకు నేను ఇప్పుడు వద్దనే రాస్తాను, కారణం నీతి కాదు. ఒకటి, కేంద్ర చట్టం మారకుండా రాష్ట్రం చెయ్యలేదు. రెండు, మనం ఒక్కళ్ళమే చేస్తే బోర్డర్ అవతల రేటు వేరుగా ఉండి పన్ను నిలవదు. మూడోది నాకు ముఖ్యమైంది, ఏజెన్సీ రైతు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు 2 లక్షల కిలోల గంజాయి కాల్చారు, అందులో చాలావరకు పండించిన చేతులు గిరిజనులవి, లాభం తిన్నది కింద మైదానంలో, వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు. రేపు లైసెన్స్ పెట్టినా ల్యాబ్ ఫీజు, సీసీ కెమెరా, కంచె, ట్రాకింగ్ అంటే ఆ ఖర్చు పెట్టగలిగేది పెద్ద కంపెనీయే, కొండ మీద రెండెకరాలున్నవాడు మళ్ళీ బయటే ఉంటాడు. చెయ్యాలని రాసేవాళ్ళు చిన్న రైతుకి వేరే లైసెన్స్, వేరే ఫీజు, తక్కువ పన్ను ఎలా ఇస్తారో కూడా రాయాలి, రాయకపోతే వాదన సగమే. కాఫీ, పసుపు, రాజ్మాకి ఎంత సాయం ఇస్తే గంజాయి మానేస్తారో ఆ లెక్క కూడా ఈ చర్చలో భాగమే. డిబేట్‌లో ఎవరైనా గంజాయి రవాణా సమాచారం ఎవరికి ఇవ్వాలని అడిగితే ఈగల్ (డ్రగ్స్‌ని అరికట్టే మన రాష్ట్ర పోలీసు విభాగం) టోల్‌ఫ్రీ నంబర్ 1972 చెప్పండి.

రాసేశాక పెన్ను మూత పెట్టే ముందు ప్రతి శాతం పక్కన రాష్ట్రం పేరు, సంవత్సరం, అది ఏ మెట్టు మీద పడతాదో ఉన్నాయా చూసుకోండి. 15 శాతం అని ఒక్కటే రాస్తే సరిపోదు, కాలిఫోర్నియాలో 15 శాతం అంటే షాపులో ఒక్కసారి, కొలరాడోలో హోల్‌సేల్ దగ్గర ఒక 15, 2017 జులై నుంచి షాపులో ఇంకో 15.