సొంతంగా స్పానిష్ – 9వ పాఠం: కెదార్

పోయిన పాఠంలో 'గుస్తార్' చూశాం. 'మె గూస్త ఎల్ కఫే' అంటే 'నాకు కాఫీ ఇష్టం', అందులో 'మె' మన 'నాకు' అని చెప్పుకున్నాం. ఆ 'నాకు'ను చేతిలో పట్టుకునే ఉండండి. ఈ పాఠంలో దానితో చాలా పని ఉంది.

ఈసారి క్రియ కెదార్. రాతలో క్యూ తర్వాత యూ కనిపిస్తుంది గానీ పలకదు, 'క్వెదార్' అనకండి. నేను దీర్ఘం రాసిన చోట ఒత్తి పలకండి.

నిఘంటువు తెరిస్తే ఇంగ్లిష్ అర్థాలు వరసకడతాయి: స్టే, బీ లెఫ్ట్, ఫిట్, బీ లొకేటెడ్, అరేంజ్ టు మీట్, టర్న్ అవుట్, కీప్. వీటిని బట్టీ పట్టొద్దు. కెదార్ మూలం లాటిన్‌లో శాంతపరచడమనే మాట; ఇంగ్లిష్ 'క్వయట్' కూడా ఆ కుటుంబానిదే. కదిలేది ఆగాక ఎక్కడ, ఎలా, ఎంత నిలిచిందో చెప్పే క్రియ ఇది.

మనకు 'కుదురు' ఉంది కదా! పిల్లాణ్ణి కుదురుగా కూర్చోమంటాం. చొక్కా కుదిరింది, కూర కుదిరింది అంటాం. ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు, కానీ ఊహ ఒకటే. 'ల సోప తె కెదో ముయ్ రీక' అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లో పెట్టాలంటే తిప్పలు పడాలి. తెలుగులో 'నీకు సూప్ భలే కుదిరింది', అంతే. 'తె' అంటే 'నీకు'.

ఇప్పుడు బట్టల కొట్టుకు వెళ్దాం. చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడి స్నేహితుణ్ణి అడుగుతారు: 'కె తాల్ మె కేద?' నాకెలా ఉంది? 'తె కేద గ్రాందె', నీకు వదులైంది. ఇంకో సైజు వేసుకున్నారు, నప్పింది. అప్పుడు కొట్టువాడితో 'మె ల కేదొ' అంటారు, అంటే 'ఇది తీసుకుంటాను'. మొదటి వాక్యంలో కర్త చొక్కా, 'మె' అంటే 'నాకు'. చివరి వాక్యంలో కర్త నేను. అక్కడి 'మె' మన 'కొను' చేసే పని చేస్తోంది, 'ఉంచుకుంటాను'లో లాగా. ఈ తేడా పట్టుబడేదాకా ఆ మూడు మాటలూ పైకి చదవండి.

డబ్బు సంగతి: 'మె కేదన్ దోస్ ఏఉరొస్', నాకు రెండు యూరోలు మిగిలాయి. మిగిలినవి రెండు కాబట్టి 'కేదన్' అని బహువచనం. ఇంగ్లిష్ మీదుగా వచ్చినవాళ్లు 'ఐ హావ్' తలచుకుని 'యొ కేదొ' అని మొదలుపెడతారు. అది తప్పు.

చిరునామాకు 'దోందె కేద ఎల్ బాంకొ?' బ్యాంకు ఎక్కడుంది? కదలని వాటికే ఇలా వాడాలి. మనుషుల్ని, తాళంచెవుల్ని వెతకడానికి పనికిరాదు. స్పెయిన్‌లో 'ఎమొస్ కెదాదొ అ లస్ సియేతె' అంటే ఏడింటికి కలుద్దామని అనుకున్నాం.

ఇక 'మె కేదొ ఎన్ కాస', ఇంట్లోనే ఉండిపోతాను. 'మె కెదే దొర్మీదొ', నిద్రపోయాను, ఆడవాళ్లయితే 'దొర్మీద'. రెండు తెలుగు వాక్యాల్లోనూ 'పో' వచ్చింది చూశారా?

అభ్యాసం: 'నాకు ఒక యూరో మిగిలింది', 'నీకు చొక్కా బాగా కుదిరింది', 'మేం ఇంట్లోనే ఉండిపోతాం'. మూడోదానికి 'నొస్ కెదామొస్'తో మొదలుపెట్టండి. జవాబులు 10వ పాఠంలో, 'యెవార్' అనే క్రియతో పాటు.